నూట ఎనిమిది నామాలకు ఒకసారి నూనె

మా ఇంటికి మోటారు సైకిలు వస్తోందన్న కబురు నాకు మొట్టమొదట తెచ్చింది అడ్డాకులు అమ్మే కొండావిడ. శుక్రవారం అరకు సంతకు పోతూ మా వాకిట్లో ఆకుల కట్ట దించి, విస్తళ్లు కుట్టుకోవడానికి నాకు కావలసినన్ని ఇచ్చి, మంచినీళ్లు తాగి, లేవబోతూ చెప్పింది.

"మీ బాబు దున్నను తెత్తన్నారమ్మా. నల్లగా ఉంది. మేత మెయ్యదంట. కడుపులో ఉరుముంది. దాని పక్కన దూడొకటి అతుక్కునుంది, అది మాత్రం మాటాడదు."

నాకేమీ బోధపడలేదు. మావారు అనంతగిరి వెళ్లి రెండు రోజులైంది. దున్నతో మనకేం పని అనుకున్నాను. అయినా ఇంటికి వచ్చే జీవాన్ని ఉత్త చేతులతో పిలవకూడదు కదా. పాకలో ఒక మూల ఊడ్చి గడ్డి పరిచాను. హారతి పళ్లెం సిద్ధం చేసుకుని గుమ్మంలో కూర్చున్నాను. సాయంకాలం మంచు దిగుతుండగా నిజంగానే ఉరుము వినిపించింది. తెల్లటి మంచులోంచి ముందు ఒక దీపం, దాని వెనక మావారు, ఆయన పక్కన ఒంటి చక్రం మీద దొర్లుతూ తొట్టెలాంటి బండి ఒకటి వచ్చాయి. అదే దూడ. మోటారు సైకిలుకు తగిలించిన పక్కబండి.

నేను దానికి హారతి ఇచ్చాను. పాకలో గడ్డి ఎందుకు పరిచావని మావారు అడిగితే జరిగింది చెప్పాను. ఆ తరవాత వారం రోజులు అన్నం తింటూ తింటూ ఆగి నవ్వుకునేవారు.

ఇది జరిగి చాలా ఏళ్లయింది. అప్పుడు మావారు కొండదారికి ఓవర్సీరు. వానలకు కూలిన గట్లు కట్టించడం, దారికి అడ్డంగా పడ్డ మానులు తీయించడం, కంకర వేయించడం ఆయన పని. మాది దిగువన పల్లంలో వ్యవసాయపు కుటుంబం. పెళ్లయ్యాక నన్ను అరకు లోయలోని ఓవర్సీరు బంగళాకు తీసుకువచ్చారు. పేరుకే బంగళా. రెండు గదులు, ఒక వసారా, పైన రెల్లు కప్పు. తలుపు తెరిచి ఉంటే మబ్బు గదిలోకి వచ్చేది. దేవుడి పీట ముందు దీపం పెట్టి కళ్లు మూసుకుని తెరిచేసరికి దీపం చుట్టూ తెల్లటి ఆవిరి తిరుగుతూ ఉండేది. ఎవరో పెద్దలు వచ్చి కూర్చున్నట్టుండేది. ఆ రోజుల్ని ఇప్పుడు తలుచుకుంటే నేను బతికినవి కావేమో, ఎవరి నిద్రలోనో చూసివచ్చానేమో అనిపిస్తుంది. అప్పటికి మాకు పిల్లలు లేరు. నేను బడికి వెళ్లినదాన్ని కాను. మా నాన్నగారు వీధి అరుగు మీద ఇసుక పోసి దిద్దించిన అక్షరాలే నా చదువు. ఇంత రాసే అదృష్టం కలిగించిన ఆయన చేతికి నమస్కారం.

ఆ మోటారు సైకిలు మావారి పై అధికారిది. ఆయన తమ దేశం వెళ్లిపోతూ, దారి చూసుకోవడానికి ఉంటుందని దీన్ని మావారికి వదిలివెళ్లారు. వచ్చిన నాలుగో రోజే మావారు నన్ను వసారాలోకి పిలిచి, బండి మీద కూర్చోమన్నారు. పక్కబండిలో కాదు. నడిపే చోట.

నేను కదల్లేదు. ఆడదాన్ని, నాకెందుకండీ ఇది అన్నాను. ఎందుకో తరవాత చెబుతాను, ముందు కూర్చో అన్నారు.

ఆయన నేర్పించిన తీరు నాకు ఇష్టం. మొదటి మూడు రోజులు బండికి ప్రాణం పోయనేలేదు. నన్ను కూర్చోబెట్టి కళ్లు మూసుకోమనేవారు. కుడిచేతి కింద ఏముంది, ఎడమచేతి కింద ఏముంది, మోకాలి పక్కనున్న పిడి ముందుకు తోస్తే ఏమవుతుంది, వెనక్కి లాగితే ఏమవుతుంది, చూడకుండా చెప్పమనేవారు. చీకట్లో పోపులపెట్టెలోంచి జీలకర్ర తీయలేవా అని అడిగేవారు. తీయగలనండీ అన్నాను. ఇదీ అంతే అన్నారు. ఆ పోలిక నాకు భయం తీసేసింది. ఆవాల గిన్నె ఇది, మెంతుల గిన్నె ఇది అనుకుంటూ ఆ మీటలన్నీ నేర్చుకున్నాను.

చీర గోచీ పోసి కట్టుకున్నాను. కాళ్లకు ఆయన పాత గుడ్డబూట్లు, ముందు గుడ్డ కుక్కి తొడుక్కున్నాను. బంగళా దాటితే దారి రెండు మైళ్లు చదునుగా వలిసె చేల మధ్య నుంచి పోతుంది. కార్తీక మాసం. దారికి అటూ ఇటూ కొండల అంచుల దాకా పసుపు పూలు. పొద్దున్నే మంచు నేలకు మోకాలెత్తున పరుచుకుని ఉండేది. పూల తలలు మాత్రం పైకి కనిపించేవి. ఆ మంచు మీద, ఆ పసుపులో, ఉరుమే దున్న మీద నేను. పక్కబండిలో కాళ్లు చాపుకుని మావారు. నేల తగలకుండా పోతున్నట్టుండేది. ఒక్కోసారి నోరు తెరిచి నవ్వేదాన్నట. నాకు తెలియదు, ఆయన చెప్పారు.

అలాగని పడకుండా ఏమీ నేర్చుకోలేదు. పక్కబండి తగిలించిన మోటారు సైకిలుకు ఒక బుద్ధి ఉంది. వేగం పెంచితే పక్కబండి ఉన్న ఎడమవైపుకు లాగుతుంది. తగ్గిస్తే కుడికి తోస్తుంది. ఎడమ మలుపు తిరిగితే పక్కబండి చక్రం నేల విడిచి లేస్తుంది. అప్పుడు అందులో కూర్చున్న మనిషి ఎడమకు బయటికి ఒరగాలి. ఆ బరువుకు చక్రం దిగుతుంది. మావారు ఒరిగేవారు. "నేను నీకు మూటనే," అనేవారు. "మూట సరిగ్గా ఉంటే కావడి తిన్నగా ఉంటాది." ఒకరోజు ఆయన ఒరగడం మరిచారు. మేమిద్దరం వలిసె చేలో ఉన్నాం. చేను గలాయన నెమ్మదిగా నడిచివచ్చి, విరిగిన మొక్కలను చూసి, బండిని చూసి, మమ్మల్ని చూసి, దున్నను కట్టేసి మేపుకోండి బాబూ అని మాత్రం చెప్పి వెళ్లిపోయాడు.

ఎందుకు నేర్చుకోమన్నారో నాకు మార్గశిరంలో తెలిసింది. ఆ నెల ఆయనకు మన్యం జ్వరం వచ్చింది. చలి, వణుకు, తరవాత మంట, తరవాత చెమట. కొయినా బిళ్లలకు మూడో రోజు దిగింది. దిగిన రోజు పొద్దున్న గంజి తాగుతూ, గిన్నె పక్కన పెట్టి, నా వైపు చూడకుండా చెప్పారు.

"నాకు ముందు ఈ బంగళాలో ఉన్నాయనకి ఇలాగే వచ్చింది. తలకెక్కింది. బండి కట్టి దించబోతే రెండో రోజుకి దారిలోనే పోయాడు. ఈ దున్నయితే మధ్యాన్నానికి ఆస్పత్రికి దింపుతాది. నన్ను తోలుకెళ్లడానికి మాత్రం నువ్వు తప్ప ఇక్కడెవరున్నారు?"

గిన్నె తీసుకుని లోపలికి వెళ్లి దేవుడి పీట ముందు చాలాసేపు కూర్చున్నాను. అప్పటిదాకా అది ఆట. ఆ రోజు నుంచి కాదు. ఆ తరవాత ఎప్పుడు బండి మీద కూర్చున్నా పక్కబండిలో ఆయన ముఖం చూసి, కళ్లు మూసి ఉన్నట్టు ఊహించుకుని, తుడిచేసుకుని, ముందుకు చూసేదాన్ని.

ఒక్కటే నాకు పట్టుబడలేదు. ఆ బండి యంత్రానికి నూనె దానంతట అది వెళ్లదు. పెట్రోలు తొట్టి పక్కన చిన్న గొట్టం ఉంటుంది. దాని పిడిని నడిపేవాళ్లు కొంతసేపటికోసారి చేత్తో నొక్కాలి. తక్కువైతే యంత్రం వేడెక్కి పట్టేస్తుంది. ఎక్కువైతే నీలం పొగ కక్కి, నిప్పు పుట్టే ప్లగ్గుకు మసి పట్టి ఆగిపోతుంది. మైలుకోసారి నొక్కమన్నారు. మైలురాళ్లు తుప్పల్లో పోయాయి. గడియారం చూడడం నాకు రాదు. ఒకసారి మరిచిపోయేదాన్ని, ఇంకోసారి రెండుసార్లు నొక్కేదాన్ని.

అప్పుడు నాకు తోచిన ఉపాయం ఇది. నేను రోజూ రామనామం నూట ఎనిమిదిసార్లు చేసుకుంటాను. అలవాటైన నోరు కదా, ఒకటే తీరుగా నడుస్తుంది. చదును దారిలో ఒక నూట ఎనిమిది అయ్యేసరికి ఒకసారి నొక్కి చూశాను. మావారు గడియారం చేత్తో పట్టుకుని నాలుగు రోజులు పక్కన కూర్చుని లెక్క చూశారు. సరిగ్గా సరిపోయింది. ఆయనకు దేవుడి మీద నాకున్నంత పట్టింపు లేదు. అయినా ఆ రోజు గడియారం జేబులో పెట్టుకుని, మీ స్వామి ఇంజనీరింగు కూడా చదివాడన్నమాట అన్నారు. నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. నా జపం ఆయన పనికి ఉపయోగపడింది. పూజగదిలో కూర్చుని ఎన్నేళ్లు అడిగినా ఇంత తీయని జవాబు రాదు.

మాఘం, ఫాల్గుణం అలా గడిచాయి. గాలికొండ ఎక్కుడు దాకా నడిపాను. దిగుడు కూడా రెండుసార్లు దిగాను. దిగుడులో యంత్రాన్ని ఆపకుండా చిన్న గేరులో ఉంచి, దాని పట్టుతోనే బండిని నిలవరించుకోవాలి. బ్రేకును నమ్మవద్దనేవారు.

చైత్రం వచ్చింది. కొండవాళ్లకు ఆ నెలలో పెద్ద పండగ. విత్తనాలు వేసే ముందు ఊళ్లో మగవాళ్లంతా విల్లంబులు తీసుకుని అడవికి వేటకు పోతారు. వాళ్లు తిరిగివచ్చేదాకా దారులన్నీ ఆడవాళ్లవి. దారికి అడ్డంగా వెదురు గడ కట్టి, ఆడుతూ పాడుతూ నిలబడతారు. ఆ దారిన పోయేవాళ్లు బియ్యమో బెల్లమో ఏదో ఒకటి ఇచ్చుకుంటే గాని గడ ఎత్తరు. జంతువు లేకుండా ఉత్త చేతులతో తిరిగివచ్చిన మగవాడి మీద పేడనీళ్లు చల్లి ఆడుకుంటారు. మా బంగళా కాపలాదారు, రోడ్డు కూలీలు, ఎడ్లబండి తోలే మనిషి, అందరూ వేటకు వెళ్లిపోయారు. లోయంతా ఖాళీ. ఎక్కడినుంచో డప్పుల చప్పుడు మాత్రం గాలి వాటానికి వచ్చి పోతూ ఉండేది.

వేట మొదలైన మూడో రోజు పొద్దున్నే మావారికి జ్వరం వచ్చింది. ఈసారి చలి లేదు, ఎత్తుకోవడమే మంటతో ఎత్తుకుంది. బిళ్ల వేస్తే కక్కుకున్నారు. మళ్లీ వేస్తే మళ్లీ కక్కుకున్నారు. పొద్దు చెట్ల మీదికి వచ్చేసరికి నన్ను వాళ్ల అమ్మ అనుకుని మాట్లాడడం మొదలుపెట్టారు. కాసేపటికి ఆ మాటలు కూడా లేవు.

ఆయనను నేను ఒక్కదాన్నే పక్కబండిలోకి ఎలా ఎక్కించానో నాకు గుర్తులేదు. దుప్పటి మీద పడుకోబెట్టి ఈడ్చానని, వసారా మెట్టు మీదినుంచి దొర్లించానని తరవాత ఆయన ఒంటి మీది దెబ్బలు చూసి తెలుసుకున్నాను. అదే దుప్పటి మెడదాకా కప్పాను. దేవుడి పీట ముందు ఒక్క క్షణం నిలబడ్డాను. ఏమీ అడగలేదు. బయల్దేరుతున్నాను అని మాత్రం చెప్పాను.

బండి ఒక్క తన్నుకే అందుకుంది. చదును దారి గడిచింది. నోట్లో నామం నడుస్తోంది. నూట ఎనిమిది, నొక్కాను. మళ్లీ నూట ఎనిమిది, మళ్లీ నొక్కాను. పక్కకు చూస్తే ఆయన తల అటూ ఇటూ ఊగుతోంది. చూడకూడదనుకుని ముందుకు చూశాను. గాలికొండ ఎక్కుడు మొదలైంది. ఉన్నట్టుండి వెనక అడవి కనిపించడం మానేసింది. తిరిగి చూస్తే చెట్ల మధ్య నీలం పొగ తెరలా కట్టి ఉంది. ఆ పొగ మనదేనని అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. ఇంకో మలుపు తిరిగాక బండి రెండుసార్లు దగ్గి, ఆగిపోయింది.

ఆ తప్పు నాలాంటి మనిషే చెయ్యాలి. భయంలో నా నామం పరుగెత్తింది. స్వామిని బేగి రమ్మని తొందరపెడుతూ, ఒక నూట ఎనిమిది చెప్పే చోట మూడు చెప్పాను. చెప్పినప్పుడల్లా నూనె నొక్కాను. నా భక్తితోనే ఆ యంత్రం గొంతు పూడ్చాను.

అది ఆగిన చోటుకు పది బారల ముందు దారికి అడ్డంగా వెదురు గడ ఉంది. గడకు మామిడాకులు, చివర ఎర్రగుడ్డ. పదిహేను మంది ఆడవాళ్లు తలల్లో పూలు పెట్టుకుని, చేతులు ఒకరి నడుముల వెనక ఒకరు కట్టుకుని నిలబడి ఉన్నారు. నేను దిగేలోపే మా చుట్టూ చేరారు. ఆడది బండి తోలడం చూసి ముందు నోళ్లు తెరిచారు. తరవాత దుప్పటి కింద మగమనిషిని చూశారు. ఇక పండగే.

"సూడండే ఈ బావని," అంది ఒకామె. "మగోళ్లంతా వేటకెల్తే పెళ్లాం బండిలో తొంగున్నాడు."

"ఏటి కొట్టినావు బావా? దోమనేనా?"

"ఈయన దోమని కొట్టడమేటే. దోమే బావని కొట్టింది."

ఆ మాట ఎంత నిజమో వాళ్లకు తెలియదు. విరగబడి నవ్వారు. ఒకామె ముంతలో పేడనీళ్లు పట్టుకుని వచ్చింది. చేతులు అడ్డం పెట్టి నిలబడ్డాను. అప్పుడు వాళ్లలోంచి ఒకావిడ ముందుకు వచ్చింది. నా ఈడుదే అయి ఉంటుంది. ముక్కుకు రెండువైపులా నత్తులు, చెంప మీద పచ్చబొట్టు. దుప్పటి లాగేసి బావను లేపుదామనే ఆమె కూడా వచ్చింది. చేయి వేసి, ఆయన మెడకు తగలగానే ఆగింది. అరచేయి నుదుటి మీద పెట్టింది. వెనక్కి తిరిగి వాళ్ల భాషలో ఒక్క మాట చెప్పింది. నవ్వు ఆగిపోయింది. పేడనీళ్ల ముంత నేల మీద పెట్టేశారు.

ఆమె నన్ను ఏమీ అడగలేదు. "నీ దున్నని లేపమ్మా," అంది. "బావని నేను సూత్తాను."

ఎవరో ఆకు దొన్నెలో నీళ్లు తెచ్చారు. ఆమె తన కొంగు తడిపి ఆయన నుదురు, పెదవులు తుడుస్తూ ఉంది. నేను పనిముట్ల సంచి విప్పాను. ప్లగ్గు తీయడం మావారు నేర్పించారు గాని ఆయన లేకుండా ఎప్పుడూ తీయలేదు. కాలుతున్న ప్లగ్గును కొంగుతో పట్టుకుని ఊడదీసి, పెట్రోలులో ముంచి, తలపిన్నుతో మసి గీకాను. ఒకామె నా భుజం మీద చేయి వేసి నిలబడింది. బిగించి తన్నాను. అందుకోలేదు. మళ్లీ ఊడదీసి మళ్లీ గీకాను. మూడోసారికి ఉరిమింది. ఆడవాళ్లంతా గడ ఎత్తి పట్టుకున్నారు. మేమిచ్చింది ఏమీ లేదు. ఇవ్వాలని కూడా నాకు తోచలేదు.

నేను ఎక్కి కూర్చుని చూసేసరికి ఆ నత్తులావిడ పక్కబండి వెనకనున్న సామాను పెట్టె మీద ఎక్కి కూర్చుని ఉంది. రెండు చేతులతో మావారి తలను తన గుండెకు ఆనించి పట్టుకుంది. వెనకనుంచి మిగిలినవాళ్లు గట్టిగా ఏదో అంటున్నారు, దిగమంటున్నారని తెలుస్తోంది. ఆమె నా వైపే తిరిగింది. "తల ఊగిపోతంది కదా," అని నాకు చెప్పింది. "పద."

దిగుడు దారి నాకు ఇప్పటికీ కలలో వస్తుంది. కల అయినా భయంగా ఉండదు. పైన ఎండ, కింద లోయల నిండా మబ్బు. మేము ఆ రెంటి మధ్యన తిరుగుతూ తిరుగుతూ దిగుతున్నాం. మొదటి ఎడమ మలుపు వచ్చింది. ఒరగవలసిన మనిషికి స్పృహ లేదు. పక్కబండి చక్రం లేవడం నాకు చేతుల్లో తెలిసింది. అంతలోనే దిగింది. చూద్దును కదా, ఆమె మావారిని వదలకుండా, నడుము నుంచి పైభాగమంతా బయటికి వంచి ఒరిగి ఉంది. ఆమెకు ఎవరూ చెప్పలేదు. తల మీద కుండ, నడుమున బిడ్డ, భుజాన కట్టెలమోపు పెట్టుకుని ఏటవాలు దారుల్లో నడిచిన ఒళ్లు అది. బరువు ఎటు పోతోందో ఆ ఒంటికి తెలుసు. కొన్ని మలుపుల్లో ఆమె తల కింద నేల లేదు. మబ్బు ఉంది. అయినా ప్రతి మలుపులోనూ ఒరిగింది.

నామం ఎత్తుకోవడానికి నాకు ధైర్యం చాలలేదు. ఎత్తుకుంటే మళ్లీ పరుగెడుతుంది. అయితే నూనె నొక్కక తప్పదు. ఎలాగా అనుకుంటుండగా ఆమె పాడడం మొదలుపెట్టింది. మావారు కదిలి మూలుగుతుంటే పిల్లవాణ్ణి ఊరుకోబెట్టినట్టు పాడింది. నాలుగు చరణాలు, చాలా నెమ్మది పాట, చివర ఒక దీర్ఘం. అయిపోగానే మళ్లీ మొదలు. ఆ భాష నాకు రాదు. గాలి పాటను ఊడబెరికి వెనక్కి పారేస్తుంటే ముక్కలు ముక్కలుగా వినిపించేది. ఆ పాట ఎన్నిసార్లు తిరిగితే ఒక నూట ఎనిమిదో నా నోటికి తెలిసిపోయింది. దీర్ఘాలు లెక్కపెట్టుకుని నొక్కాను. మళ్లీ నీలం పొగ రాలేదు. స్వామి ఆ పూట నా నామాన్ని నా దగ్గరనుంచి తీసుకుని ఆమె గొంతులో పెట్టాడని నా నమ్మకం. ఎవరైనా నవ్వితే నవ్వనీ.

కొండ దిగి, మామిడితోటలు దాటి, దిగువనున్న కోట అనే ఊళ్లో ఆస్పత్రి ముందు బండి ఆపేసరికి పొద్దు నడినెత్తికి రాలేదు. నలుగురు వచ్చి మావారిని లోపలికి మోసుకువెళ్లారు. నేను వాళ్ల వెనకే పరుగెత్తాను. డాక్టరుగారు సూదిమందు వేశారు. తడిగుడ్డలు వేయించారు. ఇంకో రెండు మూడు గంటలు ఆలస్యమై ఉంటే చెయ్యడానికి ఏమీ ఉండేది కాదని ఆయన తరవాత చెప్పారు. నేను మంచం పట్టె పట్టుకుని కూర్చున్నాను. సాయంకాలానికి చెమట పట్టింది. మావారు కళ్లు తెరిచి, నన్ను గుర్తుపట్టి, చాలా నీరసంగా అడిగారు.

"నూనె నొక్కావా?"

నొక్కానండీ అన్నాను. ఎంత ఎక్కువ నొక్కానో ఆ రోజు చెప్పలేదు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు ఆమె. బయటికి వచ్చి చూస్తే పక్కబండి ఖాళీగా ఉంది. దుప్పటి మడత పెట్టి సీటు మీద ఉంది. ఆస్పత్రి వాకిట్లో ఉన్నవాళ్లను అడిగాను. మగమనిషి బతుకుతాడా అని ఒకసారి లోపలికి తొంగిచూసి అడిగిందట. చెమట పట్టిందని చెబితే తల ఊపి, కొండవైపు నడిచివెళ్లిపోయిందట. ఏమీ తినలేదట.

మేము తిరిగి బంగళాకు వెళ్లేసరికి వైశాఖం వచ్చింది. మిగతాది నాకు అడ్డాకులావిడ చెప్పింది. వాళ్ల ఊళ్లో వేట సాగే రోజుల్లో ఆడవాళ్లు దారి వదలకూడదట. వదిలితే ఆ ఇంటి మగవాడికి జంతువు దొరకదని వాళ్ల నమ్మకం. వెనకనుంచి కేకలు వేసింది అందుకే. ఆమె కొండ ఎక్కి ఊరు చేరేసరికి వేట అయిపోయింది. ఆమె పెనిమిటి ఒక్కడే ఉత్త చేతులతో వచ్చాడట. అందరి ముందూ పేడనీళ్లు తాగినంత పని అయిందట అతనికి. ఆ ఏడు వాళ్ల ఇంటికి వేట మాంసంలో వాటా లేదు. అత్తగారు మూడు నెలలు మాటలు అంటూనే ఉందట.

"ఏటే గుంటా, ఎవులో మొగుడి కోసం నీ మొగుడి పరువు తీసినావు అన్నాదంట," అని అడ్డాకులావిడ చెప్పింది. "దానికి ఆ గుంటేటందో తెలుసా అమ్మా? జంతువు మల్లీ ఏడు దొరుకుద్ది అత్తా అన్నాదంట."

మావారికి నడిచే ఓపిక రాగానే ఇద్దరం ఆ ఊరు వెళ్లాం. కొత్త చీర, బెల్లం, కొబ్బరికాయలు పట్టుకువెళ్లాం. అప్పటికే వాళ్ల ఇంటివాళ్లు పోడు కొట్టుకోవడానికి ఒరిస్సా వైపు కొండల్లోకి మారిపోయారు. ఎక్కడో ఎవరికీ సరిగ్గా తెలియదు. చీర ఆ ఊరి అమ్మవారి రాయి ముందు పెట్టి వచ్చాం. ఆ తరవాత ఎన్నో సంతల్లో, ఎన్నో దారుల్లో చెంప మీద పచ్చబొట్టు కనబడితే ఆగి ముఖం చూసేదాన్ని. ఆమె మళ్లీ కనబడలేదు.

మావారు ఆ తరవాత ముప్ఫై ఏళ్లకు పైన బతికారు. మాకు ముగ్గురు పిల్లలు కలిగారు. ఆ ఏళ్లన్నిటిలో నాకు ఒక్క రోజు కూడా ఊరికే వచ్చిందని అనిపించలేదు. పొద్దున్నే ఆయన దగ్గడం వినిపిస్తే చాలు, వంటింట్లోనే చేతులు జోడించేదాన్ని. డాక్టరుగారికి, సూదిమందు కనిపెట్టిన వారెవరో వారికి, బండి వదిలి వెళ్లిన పై అధికారికి, నాకు మీటలు నేర్పించిన మావారికి, అందరికీ పేరుపేరునా దండం పెట్టుకున్నాను. ఆమె దగ్గరికి వచ్చేసరికి పేరు ఉండేది కాదు. అంత దారి నా పక్కన కూర్చుని వచ్చిన మనిషిని నీ పేరేమిటమ్మా అని నేను ఒక్క మాట అడగలేదు. నా జీవితంలో స్వామి ముందు తల దించుకునే తప్పు ఏదైనా ఉంటే అదే.

కనుక ఇది చదివిన మీకు నా విన్నపం ఒకటి. మీరు దీపం పెట్టేవారైనా, మోకరించేవారైనా, ఏమీ చెయ్యనివారైనా సరే, ఒక్కసారి ఆమెను తలుచుకోండి. గాలికొండ దారిలో, ఎవరో ముక్కూమొహం ఎరగని మనిషి తలను గుండెకు పట్టుకుని, మలుపు మలుపుకూ లోయ మీదికి ఒరిగిన ఆడమనిషి అనుకుంటే చాలు. ఎవరిని తలుస్తున్నారో స్వామికి తెలుస్తుంది.